అడిగి తెచ్చుకున్న శనివారం

బట్టల కొట్టులో ట్రయల్ రూమ్ దగ్గర నిలబడే ఆమెకు రేపు పని ఉందో లేదో సాయంత్రం ఫోన్‌కు కబురొచ్చే దాకా దేవుడికి కూడా తెలియదు. సూపర్‌వైజరుకైనా తెలుసా అంటే, అదీ అనుమానమే. పోనీ సెలవడుగుదామా అంటే మరుసటి వారం పనే ఉండదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు ఒక కిటుకు కనిపెట్టారు. ఏ రోజు ఖాళీ కావాలో సరిగ్గా ఆ రోజే పని ఇమ్మని బతిమాలాలి. అడిగింది ఇస్తే నెత్తికెక్కుతారని ఆయనగారి సిద్ధాంతం, చచ్చినా ఇవ్వడు. ఇన్నాళ్ళూ ఆ మంత్రం ఒక్కసారీ తప్పలేదు.

ఈ శనివారం పొద్దున ఆమె కూతురు బడిలో స్టేజీ ఎక్కి కథ చెప్పాలి. పిల్లకు నత్తి. "నువ్వు ముందు వ... వరసలో కూర్చుంటేనే చె... చెప్తా" అని ఒట్టు వేయించుకుంది. తల్లి మర్నాడే వెళ్ళి సూపర్‌వైజరు ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"శనివారం డ్యూటీ ఇప్పించండి సార్. ఇల్లు గడవటం కష్టంగా ఉంది."

"చూద్దాంలే అమ్మా."

చూద్దాం అంటే లేదని అర్థం. ఆమె లోలోపల గంతులేసింది.

ఖర్మ కాకపోతే, ఆ వారమే పైవాళ్ళు ఆయన్ను ఏదో శిక్షణకు పంపి, పనివాళ్ళ మనసెరిగి మసలుకోమని నూరిపోశారు. శుక్రవారం సాయంత్రం ఆయనే స్వయంగా ఫోన్ చేశాడు.

"అడిగారుగా అమ్మా, రేపు పొద్దున్నే వచ్చెయ్యండి. ఇంకొకావిడకి ఇచ్చింది తీసి మరీ మీకిచ్చాను!"

ఆ గొంతులో అంత సంబరం ఆమె ఎన్నడూ వినలేదు. ఇప్పుడు కాదంటే ఇక ఆ కొట్టు గడప తొక్కనివ్వడు. "థ్యాంక్స్ సార్" అంది ఏడవలేక నవ్వుతూ. తన తెలివి మీద తనకే అసహ్యం వేసింది.

శనివారం కొట్టులో అందరూ ఈగలు తోలుకున్నారు. మధ్యాహ్నం కాకముందే ఆయన వచ్చి, "బేరాల్లేవు, ఇంటికెళ్ళిపోండమ్మా" అన్నాడు. ఆమె పరుగున బడికి చేరేసరికి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. పిల్ల మైకు ముందు నిలబడి, ముందు వరస వైపు ఓసారి చూసి, నోరు విప్పకుండానే దిగిపోయిందని టీచరు చెప్పింది.

కూతురు స్టేజీ మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది.

"తప్పు నాదేనమ్మా, నేనే అడిగి మరీ..." అంటూ తల్లి పక్క మెట్టు మీద కూలబడింది.

"పర్లేదమ్మా" అంది పిల్ల.

ఆ మాట ఎక్కడా తడబడలేదు. అమ్మకు పని కబురొచ్చినప్పుడల్లా అనీ అనీ, ఆ ఒక్క మాట మాత్రం దానికి నత్తి లేకుండా వచ్చేసింది.