పన్నెండో జట్టు

జూలై చివరి శనివారం సాయంత్రం మా మామగారి పెరట్లో చేపల విందు జరుగుతుంది. చేపలు ఒక సాకు. అసలు పని, ఆ ఏడు కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆఖరి పోటీలైన ప్లేఆఫ్‌కు చేరే పన్నెండు జట్లు ఏవో చెప్పడం. ఆటలు మొదలవడానికి ఇంకా నెల రోజులుంటాయి. ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే అందరూ అంత గట్టిగా చెబుతారు.

బల్ల మధ్యలో, క్యాబేజీ గిన్నెకూ నిమ్మచెక్కల పళ్ళేనికీ నడుమ, మామయ్య పాత హెల్మెట్ ఉంటుంది. ఆయన కూసా స్టేట్ కాలేజీకి ఆడిన రోజులది. ఆకుపచ్చ రంగు చాలావరకు రాలిపోయింది. ముఖానికి అడ్డంగా ఒకే ఒక్క కమ్మీ. వంతు వచ్చినవాళ్ళు దాని మీద అరచెయ్యి ఉంచి చెప్పాలి. కాగితం మీద రాయకూడదు; రాసింది దిద్దుకోవచ్చునని మామయ్యకు అనుమానం. ఆశ చెప్పకూడదు, నమ్మకం చెప్పాలి. చెప్పిన జట్టునే మళ్ళీ చెప్పినవాళ్ళు గిన్నెలన్నీ కడగాలి. జట్టులో ఆడుతున్నవాళ్ళు అసలు నోరు విప్పకూడదు, అపశకునం.

ఆ చివరి నియమం మా అబ్బాయి కోల్బీ కోసం పుట్టింది. చిన్నప్పుడు వాడు కుర్చీ ఎక్కి మరీ పన్నెండూ చెప్పేవాడు. కూసా స్టేట్‌లో చేరాక ఏటా మౌనంగా చేపలు తింటూ మమ్మల్ని చూసి నవ్వుతాడు. ఇప్పుడు ఆ జట్టుకు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వాడే. ఇది వాడి ఆఖరి ఏడు. సోమవారం శిక్షణ శిబిరం మొదలు.

ఏప్రిల్‌లో సాధన కోసం ఆడిన ఆటలో ఒక భారీ కుర్రాడు వాణ్ణి పక్కనుంచి వచ్చి గుద్దాడు. తల నేలకు కొట్టుకోవడం నా సీటులోంచి చూశాను. వాడు లేచి చెయ్యి ఊపాడు. జనం చప్పట్లు కొట్టారు. డాక్టర్లు పరీక్షించి, ఫరవాలేదని పంపేశారు. వేసవి పొడుగునా నేను ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగాను. వాడు ఒకే జవాబు చెప్పాడు. "బాగానే ఉన్నానమ్మా." నా భర్త వేడ్‌ను అడిగితే, "వాడు బాగానే ఉన్నాడు డీనా, నువ్వే వాణ్ణి కుదురుగా ఉండనివ్వట్లేదు," అన్నాడు. వేడ్ నాకు అబద్ధం చెప్పిన సందర్భం ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. అందుకే అడగడం మానేశాను.

ఆ శనివారం కోల్బీ తన ట్రక్కును తండ్రి చేత నడిపించుకుని వచ్చాడు. వాడు తన బండి తాళం ఎవరికీ ఇచ్చే రకం కాదు. టోపీ కనుబొమల మీదికి దిగి ఉంది. పడమటి ఎండ పెరటి వెనక నది మీద పడి బల్ల మీదికి కొడుతుంటే లేచి వెళ్ళి నదికి వీపు పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి, "తాతయ్యా, ఆ రేడియో కొంచెం తగ్గించవా," అన్నాడు. ఇవన్నీ నేను చూశాను. ఉతికిన బట్టలను మడిచి ఎవరివి వాళ్ళ అరలో పెట్టినట్టు, దేనికదే విడిగా పెట్టుకున్నాను.

ముందు మా మరిది రాయిస్ చెప్పాడు. తర్వాత పక్కింటి లోనీ పెటీ వంతు. లోనీ ఊళ్ళో ఇళ్ళకు గ్యాస్ ట్యాంకరు తోలుతాడు. అతని కొడుకు జారెడ్ కూడా కూసా స్టేట్ క్వార్టర్‌బ్యాకే, కోల్బీ తర్వాతి వరుసలో. కోల్బీ ఆడినంత కాలం జారెడ్ పక్కన నిలబడి చూడాల్సిందే. దాని గురించి మా రెండు ఇళ్ళల్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

లోనీ హెల్మెట్ మీద చెయ్యి వేసి గొంతు సవరించుకున్నాడు. "ఒహాయో స్టేట్. టెక్సస్. జార్జియా. ఓరెగన్. తర్వాత... టెక్సస్."

"వెళ్ళు అన్నా, వెళ్ళి గిన్నెలు కడుగు," అన్నాడు రాయిస్. "టెక్సస్ పెద్దదే, కాదనను. అయినా రెండు కుర్చీలు ఇవ్వరు."

"నోరు జారింది రా."

"చెయ్యి జారకుండా చూసుకో. వదిన గాజు పళ్ళేలవి."

లోనీ మిగతావి చెప్పి, చివర కూసా స్టేట్ అన్నాడు. అందరూ చివరే చెబుతారు, విస్తట్లో తీపి ఆఖర్న తిన్నట్టు. ఈ ఏడు మా జట్టు మీద బయటివాళ్ళకు కూడా గురి కుదిరింది. రేడియోలో మాట్లాడేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు మమ్మల్ని పన్నెండింట్లో వేశారు.

"ఇక నీ వంతు వేడ్," అన్నాడు మామయ్య. "మీ అబ్బాయి ముందు సిగ్గుపడకు."

వేడ్ చేతిని ప్యాంటుకు తుడుచుకుని హెల్మెట్ మీద పెట్టాడు. నింపాదిగా చెప్పుకుంటూ పోయాడు. పదకొండు అయ్యాయి. రాయిస్ టీ గ్లాసు పైకెత్తాడు, మా జట్టు పేరు వినగానే తాగడానికి.

"బోయిసీ స్టేట్," అన్నాడు వేడ్.

రాయిస్ గ్లాసు గాలిలోనే ఉండిపోయింది. లోనీ నోట్లో ముద్ద నమలడం ఆపాడు.

"జోకా?" అన్నాడు రాయిస్.

"కాదు."

"బోయిసీ వాళ్ళు నీకు పొలం గానీ రాసిచ్చారా?"

మామయ్య వేడ్ ముఖం చూడలేదు, హెల్మెట్ మీద ఉన్న చేతిని చూస్తున్నాడు. "మళ్ళీ చెప్పు," అన్నాడు.

"చెప్పాను కదా నాన్నా."

"నీ కొడుకు ఆడుతున్న జట్టు."

"తెలుసు నాన్నా."

నేను కోల్బీ వైపు చూశాను. తండ్రి తనను నలుగురిలో తీసిపారేస్తే ఏ కొడుక్కైనా కోపం రావాలి, లేదా నవ్వేసి ఊరుకోవాలి. కోల్బీ ముఖంలో ఆ రెండూ లేవు. భయం ఉంది. తను దాచిపెట్టినదాన్ని ఎవరో తెచ్చి బల్ల మీద పెట్టినప్పటి భయం.

ట్రక్కు తాళం, టోపీ, ఎండ, రేడియో. నేను దేనికదే విడిగా పెట్టుకున్నవన్నీ ఒకేసారి ఒకే చోటికి వచ్చి పడ్డాయి. పీచ్ పళ్ళతో చేసిన కాబ్లర్ ఓవెన్‌లో ఉందని ఏదో గొణిగి ఇంట్లోకి నడిచాను.

వేడ్ నా వెనకే వచ్చాడు. నేను ఓవెన్ తలుపు తియ్యలేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏది?"

"వేడ్."

అతను కుళాయి తిప్పి, మళ్ళీ కట్టేశాడు. "నాకు జూన్‌లో తెలిసింది. వాడికి ఏప్రిల్ నుంచే."

"ఏం తెలిసింది?"

"తలనొప్పి. వెలుతురు పడట్లేదు. ఒక్కోసారి బంతి రెండుగా కనిపిస్తోందట. జూన్‌లో బరువులెత్తుతూ పడిపోయాడు. అప్పుడు అక్కడ నేనే ఉన్నాను."

"డాక్టర్లకు చెప్పాడా?"

"చెబితే ఆడనివ్వరు కదా."

"ఇంకో దెబ్బ తగిలితే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతని గొంతు బాగా తగ్గిపోయింది. "ఈ ఒక్క సీజను నాన్నా, అమ్మకు చెప్పకు అన్నాడు. మాటిచ్చాను. రోజూ పొద్దున్నే లేచి, ఇవాళ వాడే మనసు మార్చుకుంటాడులే అనుకుంటాను. ఎల్లుండి శిబిరం. మార్చుకోలేదు."

"బాగానే ఉన్నాడని నాతో అన్నావు. నేను అడిగినప్పుడల్లా అన్నావు."

"అన్నాను."

"మరి అక్కడ కూసా స్టేట్ అని ఒక్క మాట అనడానికి ఏమైంది?"

అతను నా వైపు చూశాడు. ఇంత తేలికైన సంగతి నాకు తెలియకపోవడం అతనికి వింతగా ఉన్నట్టుంది. "చెయ్యి దాని మీద ఉంది, డీనా."

నాకు కోపం రావలసింది. తర్వాత వచ్చింది కూడా, చాలా రోజులు ఉంది. కానీ ఆ నిమిషంలో నేను అతని చేతినే చూస్తూ నిలబడిపోయాను. మా పెళ్ళి ఉంగరం ఉన్న చెయ్యే అది. ఆ చెయ్యి నా భుజం మీద వేసి వేసవంతా అబద్ధం చెప్పగలిగాడు. రంగు పోయిన పాత డిప్ప మీద పెట్టి మాత్రం చెప్పలేకపోయాడు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో కాపురం చేసి, ఈ మనిషికి ఏది పవిత్రమో నాకు తెలియలేదు.

"వాణ్ణి పక్కకు పిలిచి మాట్లాడదాం," అన్నాడు వేడ్. "నెమ్మదిగా."

"పక్కకు పిలిస్తే వాడు నా చేత కూడా మాట తీసుకుంటాడు."

కాబ్లర్‌ను ఓవెన్‌లోనే వదిలేసి బయటికి వెళ్ళాను.

బల్ల దగ్గర ఎవరూ తినడం లేదు. రాయిస్ ఏదో పాత ఆట గురించి చెబుతున్నాడు, ఎవరూ వినడం లేదు. నేను ఎప్పుడూ నా వంతు రాయిస్‌కు ఇచ్చేసి వంటింట్లోకి పోయేదాన్ని. ఆ రోజు నిలబడే హెల్మెట్ మీద చెయ్యి పెట్టాను. ఎండకు కాలి ఉంది.

"వదినా, నువ్వా," అన్నాడు రాయిస్. "ఇవాళ లోకం తలకిందులైంది."

పదకొండు జట్లు చెప్పాను. తడుముకోలేదు. ఇన్నేళ్ళుగా వంటింటి కిటికీలోంచి విన్న మాటలు ఎక్కడికి పోతాయి. ఆ తర్వాత, "కూసా స్టేట్," అన్నాను.

లోనీ ఊపిరి వదిలాడు. "హమ్మయ్య. ఆ ఇంట్లో ఒకరికైనా మతి ఉంది."

"బంతి జారెడ్ విసురుతాడు," అన్నాను.

లోనీ ముఖంలో రక్తం ఇంకిపోయింది. తన కొడుక్కు ఆ అవకాశం రావాలని అతను దేవుణ్ణి అడిగి ఉంటాడు. ఇలా వస్తుందని అనుకుని ఉండడు. "అక్కా, అదేం మాట," అన్నాడు. "కోల్బీ ఉండగా..."

"అమ్మా." కోల్బీ లేచాడు. లేచిన విసురుకు ఒక్క క్షణం తూలి, బల్ల అంచు పట్టుకున్నాడు. అది అందరూ చూశారు. "నీకెవరు చెప్పారు?" అని తండ్రి వైపు తిరిగాడు. "మాటిచ్చావు కదా నాన్నా."

"నేను అమ్మకు చెప్పలేదు," అన్నాడు వేడ్ గుమ్మం దగ్గర్నుంచి. "నా పన్నెండు నేను చెప్పాను. అంతే."

"ఇది నా ఆఖరి ఏడు. నా ఏడు. మీ ఎవరిదీ కాదు."

మామయ్య నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళల్లో అనుమానం లేదు, అయినా అడగవలసింది అడిగాడు.

"ఇది నీ ఆశా అమ్మాయ్, నమ్మకమా?"

"నమ్మకం మామయ్యా."

ఆయన తల ఊపాడు. రెండు చేతులతో హెల్మెట్‌ను మెల్లగా జరిపి కోల్బీ ముందు పెట్టాడు. "నీ వంతు," అన్నాడు.

"ఆడేవాళ్ళు చెప్పకూడదు కదా తాతయ్యా."

"అవును. ఆడేవాళ్ళు చెప్పకూడదు."

ఆ మాట అర్థమవడానికి కోల్బీకి కొంచెం సేపు పట్టింది. మాకందరికీ అప్పటికే అర్థమైంది. వాడు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. నది వైపు చూడబోయి, వెలుతురుకు కళ్ళు మూసుకున్నాడు. అక్కణ్ణుంచి వెళ్ళిపోతాడనే అనుకున్నాను. ట్రక్కు తాళం వేడ్ జేబులో ఉందన్నది అప్పుడు నాకున్న ఒకే ఒక్క ధైర్యం.

వాడు కూర్చున్నాడు. చెయ్యి హెల్మెట్ మీద పెట్టాడు.

"ఒహాయో స్టేట్," అన్నాడు. కుర్చీ ఎక్కి అరిచిన రోజుల గొంతు కాదు. "జార్జియా. ఓరెగన్." మధ్యలో ఆగి, పెదాలు కదుపుతూ లెక్క చూసుకున్నాడు. "టెక్సస్. నోటర్ డేమ్." మళ్ళీ ఆగాడు. "జార్జియా."

లోనీ తల దించుకున్నాడు. నేను రాయిస్ వైపు చూశాను. అలాంటి తప్పు దొరికితే వదిలే మనిషి కాదు. రాయిస్ తన పళ్ళెంలోని చేపముల్లును చూస్తున్నాడు.

కోల్బీ చెబుతూనే ఉన్నాడు. చిన్నప్పుడు నిద్రలో కూడా తప్పులేకుండా చెప్పిన పిల్లవాడు ఇప్పుడు ఒక్కో పేరు కోసం వెతుక్కుంటున్నాడు. జార్జియా రెండుసార్లు వచ్చిందని వాడికి తెలియదు. మేమెవ్వరం చెప్పలేదు. చివరికి కూసా స్టేట్ అన్నాడు. కాసేపాగి, "జారెడ్‌తో," అన్నాడు. చెయ్యి మాత్రం హెల్మెట్ మీంచి తియ్యలేదు.

లోపల్నుంచి కాబ్లర్ మాడుతున్న వాసన వస్తోంది. రాయిస్ లేచాడు. ఒక్క మాటా అనకుండా బల్ల చుట్టూ తిరిగి, ఎంగిలి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, గిన్నెలు కడగడానికి లోపలికి వెళ్ళాడు.