అతిథికి పోసిన నీళ్లు

నగరం పారవేసేదంతా మా ఊరికి పైనున్న వాలు మీద చేరుతుంది. నలభై ఏళ్లుగా చేరుతోంది. ఆ చెత్తగుట్ట అడుగు నుంచి ఊరే నల్లటి రసం వాలు వెంబడి దిగుతుంది. వాలు చివర మా బావులున్నాయి. ఇందులో రహస్యమేమీ లేదు. ముల్లా ప్రార్థనలకు గానీ, నగరపాలక సంస్థ ప్రకటనలకు గానీ ఆ రసం దారి మార్చుకోలేదు.

గుట్టకు అతి సమీపంలో ఉన్నది బురుల్ ఇల్లు. ఆమె బావి నీరు బకెట్లో గంటసేపు నిలిస్తే పైన రంగురంగుల పొర తేలుతుంది. వసంతంలో రెండు ఆవులు నెలలు నిండకుండానే ఈచుకుపోయాయి. చలికాలానికని గొర్రెను కోస్తే పొట్టలో నా పిడికిలికి రెండింతలున్న ప్లాస్టిక్ సంచుల ముద్ద దొరికింది. స్నానం చేయించిన ప్రతిసారీ ఆమె ఐదేళ్ల మనవరాలి ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి.

మూడేళ్లు అర్జీలు పెట్టగా, జిల్లా కార్యాలయం ఒక్క మాట ఇచ్చింది. బురుల్ బావి నీరు చెడ్డదని పరీక్షలో తేలితే ఊరికి రోజూ మంచినీటి ట్యాంకరు పంపుతుంది. ఆ అర్జీలు రాసినవాణ్ణి నేను. బళ్లో ముప్పైనాలుగేళ్లు రసాయనశాస్త్రం చెప్పాను. ఊళ్లో అందరికీ అగాయ్‌ని, అంటే పంతులుగారిని.

నమూనా తీసుకోవడానికి వచ్చిన షేరాలీ నా పాత విద్యార్థే. అతను వచ్చేసరికి బురుల్ నేల మీద భోజనాల గుడ్డ పరిచి, బొర్సోకులనే వేయించిన పిండిబిళ్లలూ మీగడా సిద్ధం చేసి ఉంచింది. ముందు బావి చూద్దామని నేనన్నాను. నా మాట ఎవరూ వినిపించుకోలేదు.

"కూర్చో నాయనా," అంది బురుల్. "ఆఫీసులో కుర్చీ అరిగేదాకా కూర్చుంటారుగా, మా ఇంట్లో రెండు గిన్నెల టీకి కూర్చోలేవా?"

అతను నాలుగు గిన్నెలు తాగాడు. నేను మూడు. టీ బాగుందని మెచ్చుకున్నాను కూడా. ఈలోగా వాన మొదలైంది, గుట్ట మీది పొగ పెరట్లోకి దిగింది. బురుల్ ఆవును కొట్టంలోకి తోలడానికి వెళ్లింది. షేరాలీ తన కొత్త బూట్ల వైపు, బావి దాకా ఉన్న బురద వైపు చూసి, పొయ్యి పక్కనున్న బకెట్లో సీసా ముంచాడు.

"ఇంటి నీళ్లేగా, అగాయ్?"

"ఇంటి నీళ్లే," అన్నాను. సాక్షిగా సంతకం పెట్టాను.

మూడు వారాలకు ఫలితం వచ్చింది. నీరు తాగడానికి అన్ని విధాలా యోగ్యం, ట్యాంకరు అవసరం లేదు. ఆ కాగితం పట్టుకుని బురుల్ ఇంటికి వెళ్లి, ఆ రోజు బకెట్లో ఉన్నవి ఏ నీళ్లని అడిగాను. ముందురోజు గాడిద మీద కనుమలోని ఊట దాకా వెళ్లి తెచ్చానంది.

"పరీక్ష చేయడానికి వచ్చినవాడు కదా అతను," అన్నాను.

"గడప దాటాక అతిథే. ఆ బావి నీళ్లతో టీ పెట్టి ఇమ్మంటారా? నేనింకా అంత దిగజారలేదు, అగాయ్."

నేను ఊరివాణ్ణి, అతిథిని కాను; ఆ ఇంట నాకు పోసే టీకి ఏడాదిగా తుప్పు రుచి ఉండేది, ఆ రోజు లేదు. తేడా నా నాలుకకు తెలిసింది. కారణం అడగాలని మాత్రం నా బుద్ధికి తోచలేదు.

మళ్లీ పరీక్షకు దరఖాస్తు చేశాను. షేరాలీ ఒక పత్రం నా ముందుకు తోశాడు. వేరే నీరు చూపి అధికారులను మోసగించానని ఇంటి యజమానురాలు రాసివ్వాలట. బావి దాకా నువ్వు నడవలేదని నువ్వే రాయమన్నాను. పోనీ, చూడకుండా సంతకం పెట్టిన తప్పు నాదని నేను రాస్తానన్నాను.

"మీ తప్పుకు ఇందులో గడి లేదు, అగాయ్," అన్నాడు, కిటికీలోంచి చూస్తూ. "నా తప్పుకు అసలు పత్రమే లేదు."

బురుల్ ఆ పత్రాన్ని రెండుసార్లు చదివింది. అతిథిని మోసగించిన మనిషిగా ఆమె పేరు జిల్లా దస్త్రంలో ఉండిపోతుంది. మా దగ్గర అలాంటి పేరు మనవరాలి పెళ్లి దాకా వెంట వస్తుంది.

"మంచినీళ్లు పోసినందుకు నేరం ఒప్పుకోమంటున్నారు. అంతేగా?"

అంతేనన్నాను. ఆమె లోపల నిద్రపోతున్న పిల్ల చేతుల మీది దద్దుర్లను కాసేపు చూసి వచ్చి సంతకం పెట్టింది.

షేరాలీ రెండోసారి వచ్చిన రోజున గుడ్డ పరచలేదు, పొయ్యి వెలిగించలేదు. బురుల్ గేటు దగ్గరే అతని చేతికి చేంతాడు ఇచ్చి బావి వైపు చూపించింది. అతను బురదలో చీలమండల దాకా దిగబడుతూ నీళ్లు తోడి, సీసా నింపుకుని, అలవాటు కొద్దీ ఇంటి వైపు తిరిగాడు. ఆమె లోపలికి వెళ్లి తలుపు మూసింది. మా ఊళ్లో వచ్చిన మనిషి ముఖం మీద తలుపు మూయడం డెబ్బై ఒక్కేళ్ల వయసులో మొదటిసారి చూశాను.

అతను సీసా నా ముందు పెట్టాడు. మూత తీసి వాసన చూశాను. బావి నీటి వాసనే. చీటీ మీద 'బావి నీరు' అని పెద్ద అక్షరాలతో రాసి, అప్పుడు సంతకం పెట్టాను.