పొయ్యిలోంచి తిరిగొచ్చిన ఏడో ముక్క

నేను ఒక సరుగుడు ముక్కను. మోచేతి పొడవుంటాను. ఒంటికి లేత ఆకుపచ్చ ఛాయ, ఒక పక్క పెన్సిలుతో రాసిన ఏడంకె, ఒక చివర కాస్త మసి. ఆ మసి ఎలా అంటిందో మీకు చెప్పాలి.

పుట్టింది సముద్రపు ఒడ్డున, ఇసుక నేలలో. నిటారుగా ఎదిగానని అందరూ మెచ్చుకున్నారు, ఆ మెప్పు ముగియకముందే నరికేశారు. లారీ ఎక్కించి ఒక కర్మాగారానికి తీసుకెళ్లారు. అక్కడ పొడవాటి ఇనుప పీపాలోకి మమ్మల్ని తోసి తలుపు బిగించారు. ముందు మాలో ఉన్న గాలంతా లాగేశారు. తర్వాత చెదలు పట్టకుండా, కుళ్లిపోకుండా మందునీళ్లను ఒత్తిడితో ఒంట్లోకి ఎక్కించారు. మీరు ఒక్క సూదిమందుకే మొహం పక్కకు తిప్పుకుంటారు. మాకు నరనరానా పట్టేదాకా తలుపు తీయలేదు. ఇక ఏ పురుగూ నన్ను ముట్టదని తెగ గర్వపడ్డాను. పురుగుకు పడనిది మనిషికీ పడకపోవచ్చని అప్పుడు తోచలేదు.

అక్కణ్నించి కాకినాడలో మాణిక్యాంబగారి పెరట్లోకి చేరాను. ఆవిడ మాలతీ తీగకు వేయించిన పందిరిని చెదలు రెండుసార్లు తినేశాయి. అందుకని వడ్రంగి సోమాచారి మందు ఎక్కించిన సరుగుడు బాదులే, ఆ పొడవాటి కర్రలే, కావాలని మమ్మల్ని తెప్పించాడు. ఇంట్లో ఆవిడ కూతురు నీలవేణి బాలింతరాలు. మనవరాలికి ఇరవై రెండు రోజులు.

సోమాచారి పనితనం చూడాలి. గాలి ఇంటివైపు వీచని మూల వెతుక్కున్నాడు. కింద పెద్ద పట్టా పరిచాడు. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు వేసుకున్నాడు. మాణిక్యాంబగారు నడుం మీద చెయ్యేసుకుని నవ్వారు.

"ఏంటయ్యా ఆచారీ, కర్ర కొయ్యడానికొచ్చావా, ఆపరేషన్ చెయ్యడానికొచ్చావా?"

"రెండూ ఒకటేనండి. ఈ పొట్టు పీలిస్తే మంచిది కాదండి. పొట్టూ ముక్కలూ అన్నీ నేనే పట్టుకుపోతానండి. మీరు మాత్రం ఈటిని వంటపొయ్యిలో పెట్టకండమ్మగారూ."

"అయ్యో, పెడతానా! ఒట్టు."

ఇంకో అలవాటుంది అతనికి. కోసిన ప్రతిచోటా బాదు మీదా, తెగిన ముక్క మీదా ఒకే అంకె వేస్తాడు. కోసినచోట మందు తక్కువగా ఉంటుందట, అక్కడ మళ్లీ బ్రష్షుతో పూస్తాడు. పూతపడితే బాదు మీది అంకె కొట్టేస్తాడు. ముక్క గోనెసంచిలో పడితే ముక్క మీది అంకె. ఏడో కోతకు బాదు ఒక వైపు, నేనొక వైపు అయ్యాం. అంతలో కాఫీ వచ్చింది. తొడుగులు విప్పి, చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగితే గానీ గ్లాసు ముట్టని మనిషి. అతను కుళాయి దగ్గరుండగానే మాణిక్యాంబగారు నన్ను కొంగు చాటున దాచేశారు. బంగారంలాంటి కర్ర పారేస్తాడట! ఆవిడ ఇంట్లో కొబ్బరిపీచు కూడా వృథా పోదు.

స్నానాల దడి వెనక నీళ్లకాగు కింద కొబ్బరిమట్టలు మండుతున్నాయి. నన్ను తీసుకెళ్లి వాటి మధ్యకు తోశారు. తర్వాత పీట మీద కూర్చుని కాళ్లు చాపి, వాటి మీద పాపను పడుకోబెట్టుకుని నూనె మర్దనా మొదలుపెట్టారు.

"చూడవే నీలా, ఈ కర్ర నిప్పులు గట్టిగా నిలుస్తాయి. ఈటి మీదే సాంబ్రాణి వేసి పాప తలకి పొగేద్దాం."

నా గుండె, అంటే నా చేవ, జారిపోయింది. నేను కాలితే నా ఒంట్లో ఉన్న మందంతా పొగలోకి ఎక్కుతుంది. ఆ పొగలో గుప్పెడంత పాప తల. అరుద్దామంటే నోరు లేదు. నాకున్న అదృష్టమల్లా ఒక్కటే, కర్మాగారపు తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. నా చివర బుస్సుమంటోంది గానీ అంటుకోవడం లేదు.

"తడి కర్రలా ఉందే. ఊదుగొట్టం అందుకో" అన్నారు మాణిక్యాంబగారు.

సరిగ్గా అప్పుడే సోమాచారి మిగతా రెండు కోతలూ ముగించి సంచిలో ముక్కలు చూసుకున్నాడు. తొమ్మిది కోతలకు ఎనిమిది ముక్కలు. ఏడు లేదు. పెరడంతా చూసి, దడి మీద లేస్తున్న పొగ చూసి పరుగెత్తాడు. దడి దాకా వచ్చి టక్కున ఆగిపోయాడు. లోపల బాలింతరాలు. గోడవైపు తిరిగి కళ్లు మూసుకుని కేకేశాడు.

"అమ్మగారూ! ఏడో నంబరు మీ పొయ్యిలో ఉందాండి?"

"ఉంటే ఏంటి? వంటపొయ్యి కాదుగా, నీళ్లపొయ్యేగా! ఒట్టు తప్పలేదు నేను."

"ఆ పొగ పాప పీల్చకూడదండి! ముందు పాపని ఇంట్లోకి తీసుకుపొండి!"

మాణిక్యాంబగారి చేతులు నూనెతో జారుతున్నాయి. కాళ్ల మీద పాప. లేవలేరు. నీలవేణే ఒక్క అంగలో చేరి బిడ్డను తువ్వాల్లో చుట్టేసి ఇంట్లో పడుకోబెట్టి వచ్చి, పట్టకారుతో నన్ను బయటికి లాగింది. చెంబుడు నీళ్లు గుమ్మరించింది. నా చివర గోరంత మసి, అంతే. అప్పుడు గానీ సోమాచారి గోడవైపు నుంచి తిరగలేదు.

"ఆ పొయ్యిలో నిప్పులూ బూడిదా వాడొద్దండి. ఆరాక నా సంచిలో ఎత్తుకెళ్తాను. వేరేచోట రాజేసుకోండి."

మాణిక్యాంబగారు నూనె చేతులు తుడుచుకున్నారు. కొంగుతో కళ్లొత్తుకుని, "ఒట్టు వేయించుకునేటప్పుడు అన్ని పొయ్యిల పేర్లూ చెప్పించుకోవాలయ్యా, నాలాంటిదానితో" అన్నారు.

"ఆయ్, ఈసారి లిస్టు రాసుకొస్తానండి."

మిగతా ముక్కలన్నీ సంచిలో వెళ్లిపోయాయి. నన్ను మాత్రం ఆవిడ వదల్లేదు. "దీన్ని నా కళ్లెదురుగా ఉంచు" అన్నారు. సోమాచారి నా రెండు చివరలా మందు పూసి, పిల్లల చేతికందని ఎత్తున పందిరి దూలానికి బిగించాడు. పూలకుండీ కొక్కెం ఇప్పుడు నాకే వేలాడుతోంది. ఎవరొచ్చినా మాణిక్యాంబగారు వేలెత్తి నన్ను చూపించి కథంతా చెబుతారు. దొంగతనం దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఆ ముక్క ఎలాగో పొయ్యిలోకొచ్చింది" అంటారు. పోనీలెండి.

రోజూ పొద్దున్న దడి వెనక నుంచి సాంబ్రాణి పొగ నా దాకా తేలివస్తుంది. వెంటనే పాప చిన్న తుమ్ము. ఆ పొగ ఉత్త కొబ్బరిమట్టలది. అందులో నేను లేను. మాలతి మొగ్గల మధ్య ఒదిగి రోజంతా ఆ సంతోషంతోనే గడిపేస్తాను.