పొద్దున్నే తొమ్మిది పలకరింపులు

నేను ఒక మీటల ఫోన్ని. అంకెలు పెద్దవి, గొంతు పెద్దది, తెలివి తక్కువ. పెద్దవాళ్ళ కోసం నన్ను అలాగే తయారుచేశారు.

తణుకులో ఒక కొట్లో నన్ను కొన్నది మరియమ్మ గారు. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడకి టచ్ ఫోను లేక కాదు. వేళ్ళు వణికి, ఒకరికి చెయ్యబోతే ఇంకొకరికి వెళ్ళేది. రోజూ పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, ఒంటరిగా ఉండే తొమ్మిదిమంది పెన్షనర్లకి వరసగా చేసేవారు. "లేచారా? బీపీ మాత్ర వేసుకున్నారా?" అంతే. ఏడాది తిరిగేసరికి నా స్పీకరు బొంగురుపోయింది.

ఆ తొమ్మిదిమందిలో గవర్రాజు గారొకరు. ఆర్టీసీలో కండక్టరుగా చేసినాయన. ఒకరోజు విసుక్కున్నారు.

"ఏవండీ మరియమ్మ గారూ, నేనేమన్నా మీ వార్డులో పేషెంటునా? రేపట్నించి చెయ్యకండి."

"సరేనండీ" అన్నారావిడ. గొంతు మామూలుగానే ఉంది. వెంటనే వరసలో తర్వాతి పేరు నొక్కారు.

రెండురోజులు ఆయన్ని వదిలేసి మిగతావాళ్ళకి చేశారు. మూడోరోజు ఆయన పేరు దగ్గర ఆగి, నొక్కేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. మూడోసారి కూడా ఎత్తకపోయేసరికి, చెప్పులేసుకుని, నన్ను చేత్తో పట్టుకునే ఆటో ఎక్కారు.

పక్కింటివాళ్ళు తలుపు పగలగొట్టారు. తుంటి విరిగి, ముందురోజు తెల్లవారుజాము నుంచి ఆయన స్నానాలగదిలోనే పడున్నారు. ఆవిడ తడిగుడ్డతో పెదాలు తుడుస్తుంటే, "చెయ్యొద్దన్నాను కదండీ" అన్నారు మెల్లగా.

"అన్నారు. నేను విన్నాను. అదే నా తప్పు" అని ఆవిడ ఏడ్చేశారు. ఆ ఏడుపుతోనే నా మీటలు నొక్కి అంబులెన్సుని పిలిచారు.

ఆయన బతికారు. వాకరు పట్టుకుని నడిచారు. ఆ తర్వాత ఆరు కాకముందే తనే చేసి, ఆవిడ మోకాళ్ళ నొప్పుల సంగతి అడిగేవారు. మనుషులకి కొన్ని విషయాలు కిందపడితేగాని తెలియవు.

ఏడేళ్ళు పలికాను. బ్యాటరీ ఉబ్బి, వెనక మూత పట్టక, రబ్బరు బ్యాండుతో నెట్టుకొచ్చాను. నిన్న నన్ను రిపేరు షాపుకి తెచ్చారు. షాపతను పెదవి విరిచి, కొత్త ఫోన్లోకి నంబర్లు ఎక్కిస్తూ అడిగాడు.

"ఇవన్నీ వాడుతున్నారామ్మా? అక్కర్లేనివి తీసేస్తాను."

"నలుగురు పోయారు నాయనా. అయినా అన్నీ ఎక్కించు."

వెళ్ళేముందు ఆవిడ నన్ను కొంగుతో తుడిచి బల్లమీద పెట్టారు. అతను పాత ఫోన్ల డబ్బాలో పడేశాడు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ పిలవరు. హాయిగానే ఉంది.