దీపం పెట్టాక కొత్తిమీర

కంచరపాలెంలో రైలు పట్టాల వైపు గోడకి ఆనించి, చిల్లుపడ్డ డాల్డా డబ్బాలో జోగమ్మ కొత్తిమీర పెంచేది. ధనియాలు పీట మీద పోసి, రెండు బద్దలయ్యేలా మెల్లగా నలిపి చల్లేది. పోర్టు నుంచి ఎగిరొచ్చే ఎర్రదుమ్ము ఆకుల మీద పడితే, వేళ్ల సందుల్లోంచి నీళ్లు జారవిడిచి కడిగేది. గట్టిగా పోస్తే కాడలు పడిపోతాయని భయం. ఆవిడకి అన్నిటికీ భయమే.

పక్కవాటా మెహబూబ్ బీకి ఆ కొత్తిమీరంటే ప్రాణం. ఇప్పుడామె కొడుకు కరీంకి రాయపూర్‌లో పని దొరికింది. నేడో రేపో సామాను సర్దేస్తారు.

"ఎల్లేముందు నాకు సెప్పాల బీబీ. సెప్పకుండా పోకు," అని జోగమ్మ రోజూ అడిగేది. మొగుడు తవిటయ్య ఆఖరిసారి చేపల వేటకెళ్లిన వేకువన ఆవిడ నూతి దగ్గరుంది. వెళ్తున్నానన్న మాట వినలేదు. పడవ తిరిగి రాలేదు.

"సెప్తాన్లే అక్కా. నీ కొత్తిమీర తినకుండా ఎక్కడికి పోతాను?" అని బీబీ నవ్వేది.

ఒకనాటి మునిమాపున జోగమ్మ దీపం పెట్టి ఇవతలికి వచ్చేసరికి బీబీ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటే?"

"గుప్పెడు కొత్తిమీర ఇస్తావేటి అక్కా? పచ్చడి నూరతాను."

"దీపం పెట్టీసినాను కదే. మొక్కలు నిద్దరోతాయి, ఇప్పుడు కొయ్యకూడదు. పొద్దున్నే నానే తెస్తాను."

"ఇప్పుడే కావాలక్కా."

"ఒక్క రాత్రికి కొంపేటి మునిగిపోద్ది?"

బీబీ డబ్బా వంక చూసింది. జోగమ్మ మొహం వంక చూసింది. "సర్లే, నిద్దరోనీ," అని వెళ్లిపోయింది.

తెల్లారుతూనే జోగమ్మ లేతకాడలు గిల్లి, తడిగుడ్డలో చుట్టి పట్టుకెళ్లింది. పక్కవాటాకి తాళం.

ఎదురింటి నూకాలు వాకిలి ఊడుస్తోంది. "రాత్రి బండికే పోనారు పిన్నీ. నీకు సెప్పడానికే వచ్చిందట. నీ మొగం సూసి నోరు రానేదట. కొత్తిమీర కోసిస్తే, రైల్లో రొట్టెల్లోకని ఆ వంకన సెప్దామనుకుందట. ఎల్తూ ఎల్తూ నాతో అంది."

జోగమ్మ ఇంటికొచ్చింది. కోసిన కొత్తిమీర దాచిపెడితే వాడిపోతుంది. చారులో వేసింది. ఘుమఘుమ గోడ దాటింది. "అక్కా, ఏటి వండినావ్?" అని అటునుంచి ఎవరూ అడగలేదు. చారు అలాగే చల్లారిపోయింది.

సాయంత్రం దీపం పెట్టింది. పెట్టి, తిన్నగా డబ్బా దగ్గరకెళ్లి, మిగిలిన కొత్తిమీరంతా వేళ్లతో సహా పీకేసింది. తీసుకెళ్లి తాళం వేసిన గుమ్మం మీద పెట్టింది.

"మేకలు తినేస్తాయి పిన్నీ," అంది నూకాలు.

"తిననీయే," అంది జోగమ్మ.