తరుగు

పొద్దున్నే కాంటా చుట్టూ రాలిన పత్తి ఊడవడం నా పని. మా ఆయన మురళీకృష్ణ చుట్టుపక్కల అడవి పల్లెల పత్తి కొంటాడు. డాక్టరమ్మ నన్ను బరువు తగ్గమన్నప్పటి నుంచి ప్రతి సోమవారం, ఊడ్చాక, చెప్పులు విడిచి ఆ కాంటా ఎక్కడం కూడా నా పనే. అత్తయ్య దగ్గరుండి తూయిస్తుంది. బస్తాల బరువు కేకేసి చెప్పే హమాలీ సమ్మయ్య నా దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. "ఎనభై ఒకటమ్మా."

"ఆ ఒళ్లు కరిగితేగా కడుపు పండేది," అంటుంది అత్తయ్య. మధ్యాహ్నం గిన్నెలో మిగిలిన అన్నం మళ్లీ నా ముందుకే తోస్తుంది. "పారేస్తామా ఏంటి, తినేయ్ అమ్మాయ్."

నాకు కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వుకీ, మూడేసి నెలలు రాని నెలసరికీ సంబంధమేమిటి? పోయిన వారం భద్రాచలం దవాఖానాలో అదే అడిగాను. డాక్టరమ్మ కాగితం తిప్పి బొమ్మ గీసింది. కొవ్వు ఎక్కువైతే హార్మోన్లు తారుమారై కొందరిలో అండం సరిగా విడుదల కాదట. ఐదారు కిలోలు తగ్గినా చాలామందికి మళ్లీ దారిలో పడొచ్చట. చివర్లో, "మీ ఆయన బరువెంత? లావైతే మగవాళ్లకీ వీర్యకణాలు తగ్గొచ్చు," అంది. నాకు తెలియదు. తూచి రాసుకురమ్మని చీటీ ఇచ్చింది. చీటీలో నా పేరు పక్కన అంకె ఉంది. ఆయన పేరు పక్కన ఖాళీ.

ఆ ఖాళీ వారమంతా నన్ను వదల్లేదు. ఇన్ని ఊళ్ల పత్తి తూచిన మనిషి తనను తాను ఒక్కసారీ తూచుకోలేదు.

ఈ సోమవారం నేను దిగి, "మీరూ ఎక్కండి. డాక్టరమ్మ రాసుకురమ్మంది," అన్నాను.

"నాకేమైందే?" అని నవ్వుతూనే ఎక్కాడు.

సమ్మయ్య అలవాటుగా కేకేశాడు. "తొంభై ఆరూ..."

బస్తాలు దించుతున్న రైతులు ఇటు తిరిగారు.

"ఏంది సమ్మయ్యా, గట్ల అరుస్తున్నవ్? కాళ్లకు చెప్పులున్నయ్, జేబుల ఫోనుంది. తరుగు తియ్యి," అన్నాడు మా ఆయన.

పత్తిలో తేమ ఉందంటూ బస్తాకింత కొట్టేసేటప్పుడు ఆయన వాడే మాటే అది.

"ఎంత తియ్యమంటరు బాబూ?" అన్నాడు సమ్మయ్య, ముఖంలో నవ్వు లేకుండా. రైతుల్లో ఒకరు దగ్గారు.

"మగాడికి అది బలంరా, బరువు కాదు," అంది అత్తయ్య.

సమ్మయ్య చెవి మీది పెన్ను అడిగి తీసుకుని, చీటీలో ఆ ఖాళీ మీద ఆనించాను.

"చెప్పులిప్పి మళ్లీ ఎక్కండి," అన్నాను. "నేను నాలుగు నెలలుగా ఉత్త కాళ్లతోనే ఎక్కుతున్నా."