వెంట నడిచే నీళ్ళు

నడకమ్మ మూడో మలుపు తిరిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. వెనక రెండు బారల దూరంలో నీళ్ళు వస్తున్నాయి. కొండ ఊట నుంచి కింది పొలాల దాకా వాటికి దారి తెలియదు. ఆమె మడమలు తెలుసు, అంతే. ఆమె నడిస్తే కాలువ, ఆగితే మడుగు. కూర్చుందంటే చుట్టుపక్కల వాళ్ళు సామాన్లు అటకెక్కించుకోవాల్సిందే. అంతకుముందు తల్లి వెంట నడిచేవి. తల్లి పోయిన మర్నాడు, పెద్దకూతురు గనక, ఈమె వెంటపడ్డాయి. అప్పుడు పద్దెనిమిదేళ్ళు, ఇప్పుడు అరవై. కొందరిని కాలికి బలపం కట్టుకున్నారంటారు. ఈమె కాలికి ఏకంగా కాలువనే కట్టారు. సాయంత్రం పొలాల్లో నీళ్ళు ఇంకాకే విడుదల. అన్నం కూడా నడుస్తూనే తింటుంది.

పాదాలు వెడల్పయ్యాయి, వేళ్ళు విచ్చుకున్నాయి, మడమలు బీటలు వారాయి. ఎడమ మోకాలు పొద్దుటినుంచీ సలుపుతోంది.

"నీళ్ళు సన్నగా వస్తున్నాయేంటి?" అంది బట్టలుతుకుతున్నావిడ.

"నా మోకాలినడుగు."

అప్పుడే చెల్లెలి కూతురు ఎదురు పరుగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా, అమ్మకి బాలేదు. సాయంత్రం దాకా ఉండదన్నాడు వైద్యుడు. నిన్ను చూడాలంటోంది."

చెల్లెలితో మాటల్లేక ముప్ఫై ఏళ్ళు. చెల్లెలి పెళ్ళిరోజున ముద్దుపెట్టుకుందామని ఒక్క క్షణం ఆగింది నడకమ్మ. ఏడుపు ముంచుకొచ్చి అక్కడే కూలబడింది. పొయ్యిలు ఆరిపోయాయి, అన్నం గుండిగలు తేలిపోయాయి, పెళ్ళివారి చెప్పులు ఊరి చివర దొరికాయి. ఇక నా గడప తొక్కకు అంది చెల్లెలు. రక్తసంబంధం, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకుంది నడకమ్మ. పంతం పట్టిన మనిషికి ముప్ఫై ఏళ్ళు ఓ లెక్కా!

నడకమ్మ ఎన్నడూ చేయని పని చేసింది. కాలువ గట్టు దిగి చెల్లెలి ఇంటి చుట్టూ తిరగసాగింది. నీళ్ళూ తిరిగాయి. లోపల నేలమీద చాప, చాపమీద చెల్లెలు, పుల్లలా.

"ఎలా ఉన్నావే?" అని అడిగేలోపే కిటికీ దాటిపోయింది. జవాబు కోసం ఇల్లంతా చుట్టి రావాలి. పక్కగోడ, పెరడు, కట్టెల మోపు, వాకిలి, మళ్ళీ కిటికీ.

"బాగుంటే నిన్నెందుకు పిలుస్తాను?"

నడకమ్మకు నవ్వొచ్చింది. పెరడు దాటేసరికి ఆ నవ్వే ఏడుపైంది.

"ఆ రోజు కావాలని చేయలేదే."

ఇంకో చుట్టు.

"తెలుసు. అప్పుడే తెలుసు."

ఇంకో చుట్టు.

"తర్వాత సిగ్గేసింది అక్కా. తలుపు తీసి ఏమనాలో తెలీలేదు."

నేల చిత్తడైంది. తన నీళ్ళలో తానే నడుస్తోంది. కింది పొలాల రైతు రొప్పుతూ వచ్చాడు. "నారు ఎండిపోతోందమ్మా."

"వస్తున్నా. ఇంకొక్క చుట్టు." ఆ ఒక్క చుట్టు ఏడో ఎనిమిదో అయింది. అటు నారు, ఇటు చెల్లెలు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయిందామె.

"కాసేపు కూర్చోవే అక్కా."

"కూర్చుంటే మళ్ళీ ముంచేస్తాను."

ఈసారి మోకాలిని ఈడ్చుకుంటూ పరుగులాంటి నడక నడిచింది.

"ముంచెయ్యి," అంది చెల్లెలు. కూతురి వైపు తిరిగి, "పెద్దమ్మకి కుర్చీ వెయ్యవే."

మరో చుట్టు తిరిగేసరికి కిటికీ కింద కుర్చీ ఉంది. కూతురు లోపలికి వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఏమే," అంది నడకమ్మ.

చుట్టి వచ్చి మళ్ళీ, "ఏమే," అంది.

మూడోసారి వచ్చేసరికి కూతురు దుప్పటి ముఖం మీదికి లాగుతోంది.

నడకమ్మ కుర్చీ వీపు పట్టుకుంది. కూర్చోవాలనిపించింది. నలభై ఏళ్ళలో ఏదీ అంతగా కావాలనిపించలేదు. నీళ్ళు మడమలకు తగిలాయి, గడప మీదికి ఎగబాకాయి. చాప అంచుకు ఇక జానెడు దూరం. చెల్లెల్ని తడపలేదు, ఈసారి తడపలేదు. చెయ్యి వదిలేసి, ముక్కు చీదుకుంటూ కాలువ వైపు నడిచింది. రైతు పక్కకు తప్పుకున్నాడు. నీళ్ళు గడప దిగి, ఇంటిని వదిలి, ఆమె వెంట వెళ్ళిపోయాయి.

కిటికీ కింద బురదలో నాలుగు కాళ్ళూ దిగబడి, కూర్చునే చోటు మాత్రం పొడిగా, ఆ కుర్చీ అలాగే ఉండిపోయింది.